టీలో ముంచిన లేసు కాలరు

ఆ ఇంట్లో కుర్చీలకి కూడా బట్టలుండేవి. చేతులు ఆనించే చోట ఒక లేసు ముక్క, తల ఆనించే చోట ఇంకొకటి. బయట మనామా ఊళ్ళో ఉమ్మ్ అల్ హస్సామ్ వీధిలో ఎండకి తారు మెత్తబడుతుండేది. లోపల ఏసీ చలిలో ముదురు ఎరుపు వెల్వెట్ తెరలు, గుండీలు లోతుగా కుట్టిన సోఫాలు, నల్లగా మెరిసే చెక్క బల్లలు, పూల కాగితం అంటించిన గోడలు. ఇల్లు కట్టి నాలుగేళ్ళే అయింది. ముందుగది మాత్రం వందేళ్ళ కిందట ఇంగ్లండులో విక్టోరియా రాణి కాలంలో ఎవరో వదిలి వెళ్ళినట్టుండేది.

మేడమ్ కావాలనే అలా చేయించారు. ఆవిడ బహ్రెయిన్ మనిషే. చిన్నతనంలో కొన్నేళ్ళు లండన్‌లో చదువుకున్నారట. ఇంత కొత్త ఇంట్లో ఇంత పాత సామానెందుకో నాకు మొదట్లో అర్థమయ్యేది కాదు. ఒకసారి ఎవరో చుట్టం అదే అడిగితే ఆవిడ చెప్పిన జవాబు విన్నాను. ఇక్కడ వీధులు కూడా తన కళ్ళ ముందే పుట్టాయనీ, తనకంటే ముందు ఎవరో బతికినట్టు కనిపించే గది ఒక్కటైనా కావాలనిపించిందనీ అన్నారు. ఆ మాట ఆ రోజే నోటుబుక్కులో రాసుకున్నాను. ఇంటర్‌లో మొదలుపెట్టిన డైరీ అలవాటు బహ్రెయిన్ వచ్చాక కూడా మానలేదు.

ఇంటిపనికి వచ్చిన నాకు అది రెండో ఇల్లు. మొదటిది అదే ఊళ్ళో నయీమ్ పేటలో. మూడు నెలలకే వాళ్ళు నన్ను పనికి కుదిర్చిన ఆఫీసుకి తిరిగి అప్పజెప్పారు. దొంగతనం కాదు, బద్ధకం కాదు. "ఈ పిల్ల మాట్లాడదు, ఏమనుకుంటోందో తెలియదు" అన్నారట. ఆఫీసులో అతను అప్పుడే చెప్పేశాడు, ఇంకో ఇల్లు కూడా వెనక్కి పంపితే నేరుగా విమానం ఎక్కించేస్తామని. ఊళ్ళో అమ్మకి చూపు మందగించింది. చెల్లి నర్సు ట్రైనింగులో చేరింది. ఒప్పుకున్న రెండేళ్ళూ ఇక్కడే ఉండాలి. అదొక్కటే నేను అనుకున్నది.

మాది నరసాపురం దగ్గర. మా వీధిలో ఆడవాళ్ళందరూ లేసు అల్లేవాళ్ళే. అన్నం వండటం కంటే ముందు నాకు కొక్కెం సూది పట్టుకోవడం వచ్చింది. నేను పువ్వులల్లితే అమ్మ వాటిని కలిపే అతుకు పని చేసేది. అరుగు మీద కూర్చుంటే చేతి చెమటా, వీధి దుమ్మూ దారానికి అంటుకునేవి. అందుకే లేసు కొనే ఏజెంటు వచ్చే ముందు రోజు ముక్కల్ని సోడా నీళ్ళలో ఉడకబెట్టి, నీలిమందు వేసి, పల్చటి గంజి పెట్టి, ఎండలో గుండుసూదులతో సాగదీసి ఆరేసేవాళ్ళం. ఇంత పసుపు ఛాయ కనిపించినా ఏజెంటు ముక్క వెనక్కి పడేసేవాడు. లేసంటే తెలుపు. మాకు తెలిసింది అంతే.

నేను చేరిన ఎనిమిది నెలలకి ఒక గురువారం సాయంత్రం ముందుగదిలో టీ విందు. పదిమంది ఆడవాళ్ళు వస్తారు. మేడమ్ ఆ రోజు కోసం ముదురాకుపచ్చ సిల్కుతో గౌను కుట్టించుకున్నారు. మెడ దాకా మూసుకున్న పై భాగం, భుజాల దగ్గర బుట్టచేతులు, నేల దాకా కుచ్చిళ్ళు. నయీమ్‌లో దర్జీకి బొమ్మ చూపించి మూడుసార్లు కొలతలిచ్చారు. దాని మెడకి కుట్టాల్సిన లేసు కాలరు మాత్రం లండన్‌లో ఒక పాత సామాన్ల దుకాణంలో కొన్నది, వందేళ్ళ నాటిది. సోమవారం పొద్దున్న దాన్ని నా చేతికిచ్చి, నలిగింది, సరిచేసి పెట్టమన్నారు.

చూస్తే కాలరంతా మట్టి రంగు. వందేళ్ళ మురికి అనుకున్నాను. సరిచెయ్యమంటే నాకు ఇంకేం తోస్తుంది? సోడా, నీలిమందు, గంజి, డాబా మీద ఎండ. మధ్యాహ్నానికి కాలరు మల్లెపువ్వులా ఉంది. నాకు లోపల కొంచెం గర్వం కూడా కలిగింది.

వంటింట్లో అక్కకి చూపించాను. అక్కది అమలాపురం వైపు. ఆ ఇంట్లో ఆరేళ్ళ నుంచి వంట చేస్తోంది. నా చేతిలో కాలరు చూసి గరిటె పక్కన పెట్టేసింది.

"ఓసి పిచ్చిదానా, రంగు తీసేశావా? ఆవిడ డబ్బు పోసిందే ఆ రంగుకి."

అప్పుడు చెప్పింది. మేడమ్ ఆ కాలరు అందరికీ చూపించి, ఎన్నేళ్ళు నిలవుంటే లేసుకి ఆ టీ రంగు వస్తుందో చెప్పి మురిసిపోయేవారట. విమానం టికెట్టు కళ్ళ ముందు కనిపించింది.

దారి దొరికింది ముందుగదిలో అద్దాల అల్మారాలోనే. అందులో తోలు అట్టల ఇంగ్లీషు పుస్తకాలున్నాయి. శనివారం శనివారం దుమ్ము దులపడం నా పని. అట్టలు పాతవి, తెరవొద్దని మేడమ్ మొదటి రోజే చెప్పారు. నేను తెరిచేదాన్ని. వారానికి రెండు మూడు పేజీలు, ఇంటర్‌లో వచ్చిన ఇంగ్లీషుతో కూడబలుక్కుంటూ, నిలబడే చదివేదాన్ని. అందులో ఒకటి ఆ కాలపు ఇల్లాళ్ళ కోసం రాసిన ఇంటిపనుల పుస్తకం. వెండి ఎలా తోమాలి, పనిమనిషి తలుపు ఎలా తియ్యాలి, అన్నీ ఉన్నాయి. ఒక బొమ్మలో పనిపిల్ల నల్ల గౌను మీద తెల్ల ఏప్రాను, నెత్తిన టోపీతో నిలబడి ఉంటుంది. అతిథులొచ్చే రోజుల్లో మేడమ్ నాకు తొడిగించేదీ అదే. ఆ బొమ్మ మొదటిసారి చూసినప్పుడు ఎవరో తెలిసినవాళ్ళలా అనిపించింది. లేసు ఉతకడం గురించిన పేజీ కూడా చదివినట్టు గుర్తొచ్చి వెళ్ళి వెతికాను. కొత్త లేసుకి పాత ఛాయ కావాలంటే పల్చటి టీ డికాక్షన్‌లో ముంచమని ఉంది.

మంగళవారం పొద్దున్న మేడమ్ బయటికెళ్ళగానే పొయ్యి మీద నీళ్ళు పెట్టాం. మొదట నా పెట్టెలోని సొంత లేసు ముక్క ముంచి చూశాను. మరీ ముదురైంది. నీళ్ళు కలిపాను. డ్రైవరన్న మంచినీళ్ళకని వంటింట్లోకొచ్చి గిన్నెలోకి తొంగి చూశాడు. ఆయనది కరీంనగర్ వైపు. గల్ఫ్‌లో ఎక్కడున్నా దాన్ని దుబాయి అనే అంటాడు.

"ఏంది చెల్లె, చాయ్‌ల బట్టలు నానబెడుతున్నవ్? నా దుబాయి బతుకుల గిదొక్కటి చూసుడు తక్కువైంది" అన్నాడు. అక్క నవ్వాపుకోలేక కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

ముంచి, తీసి, తడి కాలరు వెలుగులో పట్టుకున్నప్పుడు ఒక సంగతి తోచింది. వందేళ్ళ రంగు ఒక్క ఉతుకులో పోదు. మా నాయనమ్మ పెట్టెలో ఉన్న లేసు ఎన్నిసార్లు ఉతికినా పసుపు వదల్లేదు. ఈ రంగు అంత సులువుగా వదిలిందంటే నేను ఇప్పుడు చేస్తున్న పనే అంతకుముందు ఇంకెవరో చేసి ఉండాలి. ఆ దుకాణంవాడో, వాడికి అమ్మినవాడో.

అక్కకి చెప్పాను. మంచిదే అంది. మేడమ్ అడిగితే అదే చెప్పి బయటపడమంది, అడక్కపోతే నోరు మూసుకోమంది. ఆరాక కాలరు దాదాపు పాత రంగులోనే ఉంది. ఒక ఆకు దగ్గర అతుకు ఊడితే నా సూదితో కలిపేశాను.

బుధవారం మధ్యాహ్నం మేడమ్ కాలరు అడిగారు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి తిప్పి చూశారు. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకున్నారు. టీ వాసన వస్తోందేమని అడిగారు.

తెలియదనొచ్చు. నయీమ్ ఇంట్లోలా తల దించుకుని నిలబడొచ్చు. అలా నిలబడే మొదటి ఇల్లు పోగొట్టుకున్నాను.

"నేను ఉతికాను మేడమ్. తెల్లగా అయిపోయింది. మళ్ళీ టీలో ముంచాను" అన్నాను, మేడమ్ పనివాళ్ళతో మాట్లాడే హిందీలోనే, నాకొచ్చినంతలో.

"టీ అని నీకెవరు చెప్పారు?"

"అల్మారాలో పుస్తకం. దుమ్ము దులిపేటప్పుడు చదువుతాను. ఎనిమిది నెలల్నుంచి."

ఆవిడ నన్ను కొత్తగా చూసినట్టు చూశారు. కోప్పడతారనుకున్నాను. కానీ ఆవిడ ఆలోచన ఇంకెక్కడో ఉంది.

"ఒక్క ఉతుక్కే పోయిందా రంగు?"

"ఒక్క ఉతుక్కే."

అది ఎవరో వేసిన రంగని నేను చెప్పక్కర్లేకపోయింది. మేడమ్ కుర్చీలో కూర్చుని కాలరు ఒళ్ళో పరుచుకున్నారు. అయితే ఇది ఎంత పాతదని అడిగారు. అక్క చెప్పిన మాట వాడుకోవాల్సింది అప్పుడే. ఆవిడ మొహం చూశాక వాడుకోబుద్ధి కాలేదు.

"తెలీదు మేడమ్. పని మాత్రం చాలా మంచి పని. ఇంత సన్నంగా అతుకు పెట్టేవాళ్ళు మా వీధిలో ఇద్దరే ఉన్నారు."

మీ వీధిలోనా అని అడిగారు. అప్పుడు మా అమ్మ గురించి, అరుగు గురించి, ఏజెంటు గురించి చెప్పాను. విక్టోరియా రాణి కాలంలోనే దొరసానులెవరో మా వైపు ఆడవాళ్ళకి ఈ అల్లిక నేర్పారని పెద్దవాళ్ళు చెప్పేవారని కూడా చెప్పాను. ఆ ఇంట్లో నేను ఒక్క దమ్మున అన్ని మాటలు మాట్లాడడం అదే మొదలు. అంతా విని మేడమ్ లేచారు.

"ఖలాస్, అయిందేదో అయింది. ముందు రేపటి సంగతి చూద్దాం. కాలరు కుట్టెయ్."

గురువారం నల్ల గౌను, టోపీ వేసుకుని ట్రే పట్టుకుని తిరిగాను. ఆకుపచ్చ సిల్కు మీద కాలరు బాగా కుదిరింది. ఒకావిడ దాన్ని వేలితో తాకి ఎన్నేళ్ళదని అడిగింది. మేడమ్ లండన్‌లో కొన్నానన్నారు, ఏళ్ళు చెప్పలేదు. చెప్పకుండా కేకు ముక్క అందించమని నాకు సైగ చేశారు.

విందు అయిపోయింది, ఇక వెనక్కి పంపేస్తారని శుక్రవారం నా పెట్టె సర్దుకున్నాను. శనివారం గుడ్డ తీసుకుని అల్మారా దగ్గరికెళ్తే మేడమ్ అక్కడే ఉన్నారు. కుర్చీల మీది లేసు ముక్కలన్నీ తీసి బల్ల మీద పేర్చారు. కొన్ని చిరిగాయి, కొన్ని మిషన్ లేసు. ఇవన్నీ కొత్తగా అల్లగలవా, ఎన్నాళ్ళు పడుతుందని అడిగారు. పన్నెండు ముక్కలు, ఇంటిపని చేసుకుంటూ అల్లితే ఏడాది పైన పడుతుందన్నాను. సరే అన్నారు. టీ రంగులోనే ఉండాలన్నారు. వెళ్తూ వెళ్తూ అల్మారా వైపు చూపించి, తెరిచే ముందు చేతులు కడుక్కోమన్నారు. నేను గదిలోకెళ్ళి పెట్టెలోంచి బట్టలు తీసి మళ్ళీ అరలో పెట్టుకున్నాను.

మనామాలో దొరికే దారం లావు. సన్న దారం ఉండలు పంపమని ఇంటికి ఉత్తరం రాశాను. రెండు నెలలకి మా వైపు నుంచి వచ్చినామె చేత అమ్మ పంపింది, తెల్లటివి, పాత చీర ముక్కలో చుట్టి. లోపల చెల్లి చేత రాయించిన చీటీ ఉంది. దొరల ఇల్లు కదా, మరక పడనివ్వకు, తేడా వస్తే వెనక్కి పంపేస్తారు, అని.

టీ సంగతి అమ్మకి రాయలేదు. ఒక్కో ముక్కా అల్లడం పూర్తయ్యాక ముందు సోడాలో తెల్లగా ఉతికి, ఎండలో ఆరబెట్టి, మరక లేదని చూసుకున్న తర్వాతే డికాక్షన్‌లో వేసేదాన్ని.