రాయికి పెట్టిన బెల్టు

ఆ రోజుల్లో కారులో పసిబిడ్డ చోటు ఒడే. బ్రేకు పడితే ఆ ఒడి ఏమవుతుందని అడిగినవాడు లేడు. రోజంతా బ్రేకు తొక్కే డ్రైవర్ని, నేనూ అడగలేదు. నెల్లూరులో ఒక డాక్టరుగారి కారు నడిపేవాణ్ణి. నాకు ఆడబిడ్డ పుట్టిందని తెలిసి, ఆయన తన మనవడికి ఫారిన్ నుంచి తెప్పించిన పిల్లల సీటు నాకిచ్చి, బిడ్డను తెచ్చుకొమ్మని కారు కూడా ఇచ్చారు. (సీటు మీద ఏదో బారెడు రాసి ఉంది. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. వచ్చినా చదివే రకం కాదులెండి.)

బిడ్డకు అయిదో నెలలో మా అత్తగారి ఊరు ఇందుకూరుపేట వెళ్లాను. కారులో సీటు చూడగానే మా అత్త లోపలికి పోయి, పచ్చడి నూరే పొత్రానికి పసుపు రాసి తెచ్చి సీటులో పడుకోబెట్టింది. బిడ్డను మొదటిసారి ఉయ్యాలలో వేసేముందు మావాళ్లు రాయిని వేస్తారు, బిడ్డ రాయిలా గట్టిగా ఉండాలని.

“ఇదీ ఉయ్యాలే గదా అబ్బయ్యా. రేపు పొద్దున మంచి గడియ. అందాకా రాయి తియ్యబాకండి.”

“మరి బిడ్డో?” అంది నా భార్య.

“నా ఒడి లేదా ఏందిమే? నువ్వు పెరిగింది యాడ?”

“రాయి దొర్లతాది అత్తా,” అన్నాను నేను, అన్నీ తెలిసినవాడిలా. దొర్లకుండా పట్టీలు రెండూ లాగి, టక్కుమనేలా బెల్టు పెట్టాను. “చూడు, నీ అల్లుడి పనితనం!” అని కూడా అన్నాను. ముగ్గురం నవ్వుకున్నాం.

ఊరు దాటామో లేదో, రొయ్యల గుంట గట్టు మీదనుంచి బర్రె అడ్డం వచ్చింది. బ్రేకు తొక్కాను. బర్రెకు ఏమీ కాలేదు. రాయికీ ఏమీ కాలేదు, పసుపు కూడా చెదరలేదు. అత్త ఒళ్లోంచి ఎగిరిపడ్డ నా కూతురి గడ్డం ముందు సీటు ఇనుముకు కొట్టుకుని చీలింది.

కుట్లు పడుతుంటే నర్సమ్మ అడిగింది: “బిడ్డకు సీటు లేదా?”

“ఉండాది.”

“మరి దాంట్లో ఎవురుండారు?”



అత్త బతికినన్నాళ్లూ ఆ బర్రెను తిట్టింది. నేనూ వంత పాడాను. గడ్డం మీద మచ్చేందని కూతురు అడిగిన ప్రతిసారీ బర్రె పేరే చెప్పాను. అరవై దాటి అక్షరాలు నేర్చుకున్నాక, జరిగింది జరిగినట్టు రాసి ఆమె చేతికిచ్చాను. రెండుసార్లు చదివింది.

మొన్న ఆమె తన కొడుకును కారు సీటులో పెట్టి బెల్టు బిగించింది. వాడు ఒకటే ఏడుపు. పాత అలవాటు కదా, ఒడి పరిచాను.

“ఇటియ్యమ్మా, పాపం.”

“వద్దు నాయనా. ఏడిస్తే ఏడవనీ.”

నెల్లూరు చేరేదాకా పక్కన కూర్చుని వాడి కాలి బొటనవేలు పట్టుకున్నాను. నా చేతికి ఆమె అప్పజెప్పింది అంతే. నాకు నవ్వొచ్చింది. అదీ ఎక్కువే అనిపించింది.