మిర్యాలగూడ పాత మిల్లులో వెనక్కి నడిచిన పాట

మా అమ్మ వరినాట్లలో సొంతంగా కైగట్టి పాడిన పాట ఒకటుంది. నాకు దాని మొదటి రెండు ముక్కలే గుర్తు. అమ్మ పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడు పాట మొత్తం తెలిసినది, అమ్మ పక్కనే ఏళ్ల తరబడి నాట్లు వేసిన గరిడేపల్లి మార్తమ్మ పెద్దమ్మ ఒక్కతికే. ఎప్పుడడిగినా "యాదికొస్తలేదు బిడ్డ" అనేది. మిర్యాలగూడలో మూతబడిన ఒక రైస్ మిల్లులో నాటకాల పిల్లలు గదికో కవిత ప్రదర్శిస్తున్నారనీ, నాట్ల పాటలు వచ్చినవాళ్లను కూడా పిలుస్తున్నారనీ తెలిసింది. అక్కడైనా ఆ పాట బయటపడుతుందేమోనని పెద్దమ్మను బతిమాలి ఒప్పించాను.

ఉదయం ఏడున్నర ప్రాంతంలో కోదాడలో మిర్యాలగూడ బస్సెక్కాను. సూర్యాపేట వైపు నుంచి వచ్చేవాళ్లకు నేరుగా వేరే బస్సులున్నాయి. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఉండదు. గరిడేపల్లిలో పెద్దమ్మ పులిహోర డబ్బాతో ఎక్కి, కిటికీలోంచి ఎవరి పొలంలో నాటు పలచగా పడిందో తీర్పులు చెబుతూ కూర్చుంది. మిర్యాలగూడ బస్టాండులో ఆటో అతను మిల్లుకు అరవై అడిగాడు.

"గా పాత మిల్లుల ఏమున్నది మేడం, గబ్బిలాలు తప్ప?"

"కవిత్వం చదువుతారట."

"మంచిగుంటే నాకు గూడ చెప్పుండ్రి. సాయంత్రం మా ఇంటామెను తోల్కొస్త" అన్నాడు. గేటు దగ్గర మాకూ టికెట్ లేదు, అతనికీ ఉండదు.

మిల్లులో ఊక వాసన ఇంకా పోలేదు. చల్లబడిన బాయిలర్‌కు వీపు ఆనించి ఒకమ్మాయి, అక్కడ పనిచేసిన తన తండ్రి అరచేతుల మీద కవిత చదివింది. ఎత్తైన రేకుల కప్పు ఆమె మాటను కాసేపు పట్టుకుని వదులుతోంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, కొట్టాలనీ అనిపించలేదు. నాకైతే ఏడుపొచ్చింది.

చివరగా ఉడికిన వడ్లు ఆరబోసే గచ్చు మీద పెద్దమ్మ వంతు. నాటకం నడిపించే అబ్బాయి ఆమెను మైకు ముందు నిలబెట్టాడు. ఆమె రెండు ముక్కలు పాడి ఆగింది. మళ్లీ మొదలుపెట్టి మళ్లీ అక్కడే ఆగింది. నాకూ అంతవరకే వచ్చు. ఇక పాట పోయినట్టే అనుకున్నాను.

"నిలవడితే నాలుక తిరుగుతలేదు కొడుకా" అంది పెద్దమ్మ. "నాటేసేటప్పుడు ఎవలన్న నిలవడ్తరా?"

"మీకెట్ల వీలైతే అట్లనే కానియ్యండి, పెద్దమ్మా" అని అతను మైకు పక్కకు జరిపాడు.

ఆమె చీర కుచ్చిళ్లు పైకి దోపి, నడుం వంచి, నన్ను పిలిచింది. "మీ అమ్మ నా ఎడమ దిక్కు ఉంటుండె. గీడికి రా. నేనన్నది నువ్వు మల్ల అను." ఇద్దరం వంగి, ఖాళీ చేతులతో గచ్చు మీద నాట్లు వేసుకుంటూ ఒక్కో అడుగు వెనక్కి జరిగాం. అడుగుకో ముక్క చొప్పున పాట వచ్చింది:

నీళ్లల్ల మా నీడ వంగినది
ఒడ్డు మీద గొడుగు నిలిసినది
గొడుగు కింద దొరకు ఎండంట
మా నెత్తి మీది సూర్యుడు సుట్టమంట

ఆఖరి ముక్కకు జనం నవ్వారు. ఆ కొంటెతనం అచ్చం మా అమ్మదే. గోడ తగిలేదాకా మళ్లీ మళ్లీ పాడుతూనే ఉన్నాం.

ఇంటికొచ్చాక వంటింట్లో నిలబడి ఆ పాట పాడబోతే సగంలో తెగిపోయింది. మర్నాడు తడిగుడ్డతో ఇల్లు తుడుస్తూ వంగి వెనక్కి జరుగుతుంటే మొత్తం వచ్చింది. ఆదివారం పూట నేనే అన్ని గదులూ తుడవడం మా ఆయనకు వింతగా ఉంది. నాకు మాత్రం హాయిగా ఉంది. మీరూ ఇలా పాట కోసం ఎవరి దగ్గరికైనా వెళ్తుంటే ఒక్క సలహా: ఏ పని చేస్తూ పాడేవారో ముందు అడగండి, ఆ పనికి మీరూ పక్కన వంగండి.