చల్లగుండాదా అమ్మా?

మే 11, మధ్యాహ్నం, బేతంచెర్ల. ఉన్నవాళ్లు: నేను, రెండేళ్లుగా పక్షవాతంతో మంచంలో ఉన్న నా భార్య, ఏసీ మెకానిక్.

డైరీలో ఎప్పుడూ 'ఏసీ మెకానిక్' అనే రాశాను. ఆయన పేరు అడగనేలేదు. ఏసీ బాగుచేశాక గాలికి అరచెయ్యి అడ్డంపెట్టి, నన్ను కాకుండా ఆమెనే అడిగేవాడు. "చల్లగుండాదా అమ్మా?" మాట పడిపోయిన ఆమె రెప్పలు ఆర్పితేనే సంచీ సర్దుకునేవాడు.

ఆ మే 11కి నాలుగు రోజులుగా గది చల్లబడడం లేదు. ఆయన ఫిల్టరు చూసి, మేడెక్కి, బయటి యూనిట్‌కు చుట్టిన గోనెపట్టా విప్పుకొచ్చాడు.

"ఎవురు సార్ ఇది కట్టింది?"

"నేనేనప్పా. పక్క ఫ్యాక్టరీలో నాపరాళ్లు పాలిష్ పట్టే దుమ్ము పడకుండా."

"ముక్కూ నోరూ మూసి పరిగెత్తమంటే ఎట్ల సార్? లోపలి వేడి యాడికి పోవల్ల?" అని నవ్వాడు.

కాసేపటికి గది చల్లబడింది. ఆయన అడిగాడు. ఆమె రెప్పలు ఆర్పింది.

"రేపు పొద్దున ఇంగోసారి చూసిపోతాలే అమ్మా."

మరుసటి ఉదయం ఆయన వచ్చేసరికి ఆమె లేదు, తెల్లవారుజామున పోయింది. అలవాటుగా అరచెయ్యి పెట్టి, మంచం వైపు తిరిగి, నోరు తెరిచి ఆగిపోయాడు.

"నాలుగు దినాలు ఆమెను నేనే ఉడకబెట్టినానప్పా," అన్నాను.

"పట్టా వల్ల గాదు సార్. ఏసీలో గ్యాస్ తగ్గింటే నిన్న నేనే నింపినా. మీరు మర్సిపోయినారు."

ఆయన గ్యాస్ నింపే సిలిండరు తేనేలేదని డైరీలో ముందురోజు పేజీలో నా చేతిరాతతోనే ఉంది.

"అవునప్పా, మర్సిపోయినా," అన్నాను.