జనరల్ స్టోర్‌లో పొట్లం కట్టిన అమ్మాయి

ఆ అమ్మాయికి ఆ ఉద్యోగం ఇప్పించింది నేనే. తర్వాత నేను చేసిన పని చెప్పేముందు ఈ సంగతి చెప్పడం న్యాయం.

కెనడాలో మేముండే కిచెనర్‌కి దగ్గర్లో ఒక మ్యూజియం ఉంది. చూడ్డానికి చిన్న ఊరిలా ఉంటుంది. ఈ ప్రాంతం బ్రిటిష్ వాళ్ళ కింద ఉన్న రోజుల్లో, విక్టోరియా రాణి కాలంలో కట్టిన ఇళ్ళనీ, కమ్మరి కొలిమినీ, చాకిరేవు గదినీ, జనరల్ స్టోర్‌నీ ఒకచోట చేర్చి, మాలాంటి వాళ్ళకి ఆనాటి బట్టలు తొడిగి నిలబెడతారు. అప్పటి బతుకు ఎలా ఉండేదో వచ్చినవాళ్ళకి మేం చేసి చూపించాలి. నాది జనరల్ స్టోర్. నేల దాకా గౌను, తెల్ల ఏప్రన్, గడ్డం కింద ముడేసుకునే టోపీ.

అంతకు ముందు ఎనిమిదేళ్ళు అమెరికాలో ఉన్నాం. అక్కడ మా ఆయన వీసా మీద ఉన్నాను కాబట్టి ఉద్యోగం చేసే వీలు లేదు. ఇక్కడికి వచ్చాక నాకంటూ దొరికిన మొదటి పని ఇది. ‘టీపొడి తూచి చూపించడం కూడా ఉద్యోగమేనా?’ అని మా ఆయన నవ్వారు. నేను మాత్రం లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చుకుని పరీక్షకి చదివినట్టు చదివాను. రైతుల భార్యలు వెన్నా గుడ్లూ తెచ్చిచ్చి, బదులుగా టీ, చక్కెర, గుడ్డ తీసుకెళ్ళేవారు. చక్కెర గట్టి దిమ్మగా, నీలం కాగితంలో చుట్టి వచ్చేది. దాన్ని పట్టకారుతో ముక్కలు కొట్టి అమ్మేవారు. గుడ్డ కొలవడానికి కౌంటర్ అంచున ఇత్తడి మేకులు దిగ్గొట్టి ఉండేవి. ఇవన్నీ అనర్గళంగా చెప్పగలిగేదాన్ని. నాకు చేతకానిదల్లా ఒక్కటే: పొట్లం కట్టడం. ఆ కాలంలో టేపు లేదు, గోధుమరంగు కాగితం, దారం, అంతే. నేను కట్టిన పొట్లం కస్టమర్ చేతిలో పెట్టేలోపే వదులయ్యేది.

ఆ ఏడాది మన పిల్లలు ఇక్కడి కాలేజీలకి విపరీతంగా వచ్చారు. ఏ బస్సెక్కినా వెనక సీట్లలోంచి తెలుగు వినిపించేది. ఒక్కో ఇంటి కింది బేస్‌మెంట్‌లో అయిదారుగురు అద్దెకి ఉండేవారు. అలా ఒక బస్టాప్‌లో ఆ అమ్మాయి నన్ను పలకరించింది.

“ఆంటీ, మీరు తెలుగా?”

“అక్కా అను, చాలు” అన్నాను.

వాళ్ళది జగిత్యాల దగ్గర చిన్న ఊరట. “కాఫీ షాపులు, వేర్‌హౌసులు, అన్నిట్ల అప్లై చేసిన అక్కా. ఒక్కరు కూడా రిప్లై ఇస్తలేరు” అంది. మొహం వాడిపోయి ఉంది. జాలేసింది. స్కూలు పిల్లల్ని మ్యూజియం చూపించడానికి తెచ్చే సీజన్ మొదలైంది, మాకూ మనుషులు చాలడం లేదు. మా సూపర్‌వైజర్‌తో మాట్లాడాను. వారం తిరక్కుండా ఆ అమ్మాయి నా పక్కనే, నాలాంటి టోపీ పెట్టుకుని నిలబడింది.

మొదటిరోజు నేను త్రాసులో టీ ఆకు తూచి, చెప్పాల్సినవన్నీ చెప్పి, పొట్లం దగ్గరికి వచ్చేసరికి ఎప్పటిలాగే తడబడ్డాను.

“నేను కట్టాల్నా అక్కా?” అంది.

కాగితాన్ని చేతిలో ఒక్క తిప్పు తిప్పింది. టీ ఆకు అందులోకి జారింది. మూతి మడిచి, దారం అడ్డంగా నిలువుగా చుట్టి, కత్తెర కోసం చూడకుండా వేలితో ఫట్‌మని తెంపింది. ఎదురుగా ఉన్న పిల్లలంతా “వావ్!” అన్నారు.

“ఎక్కడ నేర్చుకున్నావ్?” అని అడిగాను.

“మా నాన్నది కిరాణం దుకాణం అక్కా. అయిదో క్లాసు నుండి సాయంత్రం పూట నేనే కూసునేదాన్ని.”

ఆరోజు నిజంగానే సంతోషించాను. నేను తెచ్చిన మనిషి కదా అనుకున్నాను. రెండో వారానికి ఆ సంతోషం తగ్గింది. మూడో వారానికి పూర్తిగా పోయింది. తలుపు తీసుకుని లోపలికి వచ్చినవాళ్ళు వచ్చినట్టే ఆమె వైపు నడిచేవారు. వెన్నకి బదులు టీ ఎంత రావాలన్న బేరాన్ని ఆమె నిజం బేరంలాగే ఆడేది. “ఇది నిన్నటి వెన్నలాగుంది, నేను తీసుకోను” అని తన వచ్చీరాని ఇంగ్లిష్‌లో అంటే పెద్దవాళ్ళు కూడా పడీపడీ నవ్వేవారు. సూపర్‌వైజర్ వచ్చి ఆమెను వీడియో తీసుకుంది. రెండు సీజన్లు పనిచేసిన నన్ను ఎవరూ ఒక్క ఫొటో తీసిన పాపాన పోలేదు.

ఇంట్లో వంటగదిలో నిలబడి బియ్యంతో పొట్లాలు కట్టడం మొదలుపెట్టాను. “వై ఆర్ యూ రాపింగ్ రైస్, అమ్మా?” అంది మా అమ్మాయి. ఇంకో పొట్లం కట్టాను. మర్నాడు స్టోర్‌లో ఆ జగిత్యాల పిల్లను కౌంటర్‌కి గుడ్డలు కొలిచే చివరికి పంపేశాను. జనం ఆ చివరికి జరిగారు. మంచినీళ్ళు తెమ్మని పంపితే, ఆమె తిరిగొచ్చేదాకా నిలబడ్డారు. ఎంతమంది అటు వెళ్ళారో, ఎంతమంది నా దగ్గర ఆగారో మనసులో లెక్క వేసుకుంటూ, నోటితో పాఠం అప్పజెప్పేదాన్ని.

ఒకరోజు స్కూలు గుంపులో ఒక చిన్నపిల్ల నా ఏప్రన్ పట్టుకుని, “నువ్వు ఆవిడ హెల్పర్‌వా?” అని అడిగింది.

ఆ మధ్యాహ్నం అన్నం డబ్బా మూత కూడా తియ్యకుండా సూపర్‌వైజర్ గదికి వెళ్ళాను. “అమ్మాయి బాగా చేస్తుంది, కానీ...” అని మొదలుపెట్టాను. వాళ్ళ నాన్న దుకాణం గురించి పిల్లలకి చెబుతోందని, ఇది ఒంటారియోనా ఇండియానా అని వాళ్ళు అయోమయంలో పడుతున్నారని, చరిత్ర అంటే జాగ్రత్తగా ఉండాలి కదా అని చెప్పాను. ఎవరూ అయోమయంలో పడలేదు. అది నాకు తెలుసు. సూపర్‌వైజర్ ఆలోచిస్తూ రాసుకుంది. పై వారం డ్యూటీ షీట్‌లో ఆ అమ్మాయి పేరు చాకిరేవు గది పక్కన ఉంది.

“నా ఇంగ్లిష్ మంచిగ లేదేమో అక్కా. అందుకే మార్చిన్రు గావచ్చు” అంది నాతో.

“అలాంటిదేం లేదులే” అన్నాను. అప్పుడే చెప్పేసి ఉండొచ్చు. చెప్పలేదు.

రెండు రోజులు హాయిగా ఉంది. దాచుకోను, నిజంగా హాయిగానే ఉంది. స్టోరంతా నాదే. మూడోరోజు అంతకు ముందొకసారి వచ్చిన టీచరమ్మ ఇంకో క్లాసుతో వచ్చింది. “ఆ అమ్మాయి లేదా?” అని చుట్టూ చూసింది. నేను పొట్లం కట్టాను. దారం తెంపబోయాను, తెగలేదు. గట్టిగా లాగేసరికి కాగితం చిరిగి టీ ఆకంతా కౌంటర్ మీద పడింది. పిల్లలు నవ్వలేదు. మర్యాదగా చూస్తూ నిలబడ్డారు. నవ్వి ఉంటేనే నయం.

మధ్యాహ్నం చాకిరేవు గదివైపు వెళ్ళాను. ఆమె ఒక్కతే ఉంది. కర్ర తొట్టిలో గుడ్డ రుద్దుతోంది. సబ్బునీళ్ళకి వేళ్ళు ఎర్రబడి ఉన్నాయి. నన్ను చూసి లేచింది.

“అక్కా, ఒక మాట చెప్తా, ఏమనుకోవద్దు. దారం వేలికి రెండు చుట్లు చుట్టుకొని గుంజాలె. మీరు ఒక్క చుట్టే వేస్తున్నరు.”

“మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?”

“అందరి ముందట చెప్తే మీకు మంచిగనిపించదని.”

అక్కడున్న బల్ల మీద కూర్చున్నాను. “నిన్ను ఇక్కడికి మార్పించింది నేనే” అన్నాను.

ఆమె గుడ్డ పిండుతూ ఆగిపోయింది. “ఎందుకక్కా?”

“కుళ్ళు. అంతే.”

ఆమె పిండిన గుడ్డని దులిపి ఆరేసింది. “అడిగితే నేర్పిస్తుంటి గద” అంది చివరికి. మళ్ళీ తొట్టివైపు తిరిగింది. ఆ తర్వాత చాలా రోజులు నాతో ఇంగ్లిష్‌లోనే మాట్లాడింది, అదీ పని ఉంటేనే.

సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్ళి నా మాట వెనక్కి తీసుకున్నాను. ‘జెలస్’ అన్న మాట ఇంగ్లిష్‌లో అనడం తెలుగులో కంటే తేలిక అనుకున్నాను కానీ, కాలేదు. సూపర్‌వైజర్ నన్ను కోప్పడలేదు, ఓదార్చనూ లేదు. ఆ అమ్మాయిని తిరిగి కౌంటర్ దగ్గరికి తెచ్చింది. నన్ను అదే స్టోర్‌లో మూలనున్న పోస్టాఫీసు కిటికీ వెనక కూర్చోబెట్టింది. అక్కడి నుంచి అన్నీ కనిపించేవి. ఉత్తరాల మీద ముద్ర కొడుతూ వేసవంతా ఆ అమ్మాయిని చూశాను. చూసిన ప్రతిసారీ లోపల ఏదో చురుక్కుమనేది. తప్పు ఒప్పుకుంటే అది పోతుందని ఎవరు చెప్పారో!

ఆగస్టులో ఒకరోజు రెండు బస్సుల జనం ఒకేసారి దిగారు. కౌంటర్ దగ్గర్నుంచి తెలుగులో కేక వినిపించింది. “అక్కా, జర ఇటు రండి. చక్కెర కొట్టేటోళ్ళు లేరు!”

వెళ్ళాను. నేను ముక్కలు కొట్టాను, ఆమె కట్టింది. సాయంత్రానికి ఇద్దరి చేతులూ జిగురే.

కోర్సు అయిపోయాక ఆమెకి ఇక్కడికి చాలా దూరంలో ఉన్న రెజైనా అనే ఊళ్ళో ఒక ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. ఎయిర్‌పోర్ట్‌కి నేనే కారులో దింపాను. దారిలో, “అక్కడ కూడా ఇలాంటి మ్యూజియం ఏదన్నా ఉంటే వీకెండ్స్ చెయ్యి, నీ అంత బాగా ఎవరూ చెయ్యలేరు” అన్నాను.

“వద్దక్కా” అంది. “దుకాణం అంటేనే నాకు చిన్నప్పటి నుండి ఇష్టం లేకుండె. ఫ్రెండ్స్ అందరు ఆడుకుంటుంటే నేను పప్పులు తూసేదాన్ని. అది తప్పించుకుందామనే ఇంత దూరం వచ్చిన.”

ఆ మాటకి నాకు ఊరట కలగాలి. కలగలేదు. ఇష్టంలేని పనినే అంత అందంగా చేసిందా అని మళ్ళీ కుళ్ళు పుట్టింది. ఈసారి దాచుకోకుండా ఆమెతోనే అనేశాను. ఆమె పెద్దగా నవ్వి, సూట్‌కేసు లాక్కుంటూ లోపలికి వెళ్ళిపోయింది.