చార్టు మీద మా అమ్మ

చెప్పులు బయట విప్పి, కాళ్ళు తుడుచుకుని వెళ్ళేవాళ్ళం మా చిన్నప్పుడు కంప్యూటరు గదిలోకి... ఒక్కో కంప్యూటరు ముందు నలుగురం. మౌసు ఎవరు పట్టుకోవాలన్న గొడవతోనే సగం పీరియడ్ అయిపోయేది.

మాది సముద్రం ఒడ్డున యారాడ. కొండ దాటి బస్సులో మల్కాపురం బడికి వచ్చేదాన్ని. నాన్నది పడవ, అమ్మది చేపల గంప. మా ఇంట్లో బడి మెట్లెక్కిన మొదటిదాన్ని నేనే.

ఏడో తరగతిలో సోషల్ మేడమ్ ఒక ప్రాజెక్టు ఇచ్చారు... 'మన జిల్లా మనుషులు'. కొండల్లో వాళ్ళు, చేపలవేట వాళ్ళు, పోర్టు పనికీ ప్లాంటు పనికీ వేరే జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు. ఎవరి గురించి వాళ్ళు కాదు, వేరేవాళ్ళ గురించే నెట్‌లో వెతకాలి. ఏమేం వెతకాలో బోర్డు మీద రాశారు... ఎక్కడ ఉంటారు, ఏం తింటారు, ఎలా బతుకుతారు.

"ఒకరి గురించి ఒకరికి తెలిస్తేనే గౌరవం పెరుగుతుందర్రా" అన్నారు మేడమ్. మనస్ఫూర్తిగానే అన్నారు.

నాకు కొండల్లో వాళ్ళు వచ్చారు. చేపలవేట వాళ్ళు నా పక్కన కూర్చునే భవానికి. భవాని వాళ్ళ నాన్న గోదావరి వైపు నుంచి పోర్టు పనికి వచ్చారు.

ఒకరోజు భవాని ఫోటోలు వెతుకుతుంటే తెర మీద... మా అమ్మ! మా ఊరి ఒడ్డున, నెత్తి మీద గంప, రేగిన జుట్టు, ఎవరినో కేకేస్తూ నోరు తెరిచి ఉంది. బీచి చూడ్డానికి వచ్చినవాళ్ళెవరో తీసి ఉంటారు. కింద పేరు లేదు. 'మత్స్యకార మహిళ' అని మాత్రం ఉంది.

"ఒసే, అది మా అమ్మే!" అని అరిచాను.

గదంతా వచ్చి మూగింది. "నిజంగానేంటే? మీ అమ్మ కంప్యూటర్లో ఉందేంటే!" అంది భవాని కళ్ళింత చేసుకుని. మేడమ్ ఆ ఫోటోని రంగుల్లో ప్రింటు తీయించి, చార్టుకి అతికించి వరండా గోడకి పెడదామన్నారు. ఆ రోజు బడిలో నా అంత గొప్పది ఇంకెవరూ లేరు.

ఇంటికెళ్ళి చెప్తే అమ్మ నమ్మలేదు. "నా బొమ్మేటే, బడి గోడకేటే! ఎప్పుడు తీసినాడే ఆడు? ముందు సెప్తే మంచి కోక కట్టీదాన్ని గదా!"

తల్లిదండ్రుల మీటింగుకి అమ్మ అంతకు ముందెప్పుడూ రాలేదు... అది చేపలమ్ముకునే వేళ. ఆ రోజు బేరం మానుకుని, పెళ్ళిళ్ళకి కట్టే ఆకుపచ్చ కోక కట్టుకుని వచ్చింది. బస్సులో కండక్టరుతో కూడా, "మా గుంట సదివే బడిలో నా బొమ్మెట్టినారు బాబూ" అని చెప్పింది.

వరండా గోడ నిండా చార్టులు. అమ్మ తన బొమ్మ ముందు నిలబడి ఒకటే నవ్వు. "నోరు సూడే, గంపంత తెరిసీసినాను!" తర్వాత కిందనున్న అక్షరాల మీద వేలు పెట్టింది. "ఇదేటి రాసినారే నా గురించి? సదువు."

నెట్‌లో ఉన్నది ఉన్నట్టు భవాని తన గుండ్రటి అక్షరాలతో దించింది. సముద్రం ఒడ్డున ఉంటారు, చేపలు పట్టి అమ్ముతారు... అంతవరకు చదివాను. తర్వాతి వాక్యం కళ్ళతోనే చదివి వదిలేశాను. "వీళ్ళు కష్టపడి పిల్లల్ని చదివించుకుంటారు" అన్నాను. అక్కడ ఆ మాట ఎక్కడా లేదు.

"నిజిమే గదా" అంది అమ్మ.

అంతలో భవాని వాళ్ళమ్మ వచ్చారు. "మా భవాని రాసిందండి, చూశారా దస్తూరీ!" అని మురిసిపోతూ పైకి చదివేశారు. "వీరు నిరక్షరాస్యులు. మగవారు సంపాదనంతా తాగుడుకు ఖర్చు చేస్తారు. వీరికి శుభ్రత తెలియదు. పిల్లలను బడికి పంపరు..." చదువుతూ చదువుతూ ఆవిడ గొంతు తగ్గిపోయింది. ఫోటో వైపు చూశారు, అమ్మ వైపు చూశారు. "అయ్యో... ఏదో పిల్లలండి, ఏమనుకోకండి."

"పర్లేదమ్మా. సిన్నపిల్లలు, ఆలకేటి తెలుసు" అంది అమ్మ. కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది.

మేడమ్‌ని కలవకుండానే వచ్చేశాం. బస్సు కొండ ఎక్కుతుంటే అమ్మ మెల్లగా అడిగింది. "మీ అయ్య సుక్కయినా ముట్టడు గదే. ఆ ముక్క ఎవులికి సెప్పాల?"

"నెట్‌లో అలాగే ఉందమ్మా."

"ఆ నెట్‌లో రాసినోడికే సెప్పు. నీకు రాత వొచ్చు గదా."

అమ్మ మళ్ళీ మా బడికి రాలేదు. టెన్తులో నాకు బహుమతి ఇస్తున్నారన్నా రాలేదు. "నానొచ్చి ఏటి సేత్తాను... మళ్ళీ ఏటో సదవాలి నువ్వు" అనేసింది.

ఆ గోడ మీదే నేను రాసిన చార్టు కూడా ఉండేది... కొండల్లో ఆడవాళ్ళు వరసగా నడుములు పట్టుకుని ఆడుతున్న ఫోటో. వాళ్ళకీ పేర్లు లేవు. ఆ వరసలో ఎవరికో బడికి వెళ్ళే కూతురు ఉండే ఉంటుంది.

ఇప్పుడు నేనూ ఒక బడిలో సోషల్ చెప్తున్నాను. ఆ పేజీ పెట్టినవాళ్ళకి రాశాను, మళ్ళీ మళ్ళీ రాశాను... జవాబు లేదు. ఈలోగా ఆ మాటలు ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి పాకిపోయాయి.

మొన్న మళ్ళీ అదే పాఠం. ఇప్పటి పిల్లలు వెతకరు, ఫోన్ని అడుగుతారు. ఒక పాప చేపలవేట వాళ్ళ గురించి అడిగింది. ఫోను తియ్యటి గొంతుతో, ఒక్క తప్పు లేని తెలుగులో చెప్పింది... అక్షరాస్యత తక్కువ, మద్యపానం ఎక్కువ, పరిశుభ్రతపై అవగాహన లేదు. నేను ఆపి, మా నాన్న గురించి చెప్పాను, అమ్మ గురించి చెప్పాను. అందరూ శ్రద్ధగా విన్నారు. చివర్లో ఆ పాపే లేచి, "మేడమ్, పరీక్షలో ఏది రాయాలి?" అంది.

మీ వాళ్ళ గురించి ఎవరో రాసింది మీ నోటితో మీ ఇంట్లో చదివి వినిపించాల్సి వచ్చిందా ఎప్పుడైనా? ఏం చేశారు మీరు? రాయండి...

మా చిన్నప్పుడు కనీసం ఆ రాతకీ అమ్మకీ మధ్యలో నేనుండేదాన్ని. ఒక్క వాక్యమైనా మార్చి చదవగలిగేదాన్ని. ఇప్పుడు అలాంటి ఫోను మా ఇంట్లోనూ ఉంది... దాన్ని ఎలా అడగాలో అమ్మ నేర్చుకుంటోంది.