జొన్నలు బర్రెకని చెప్పాను

మా అత్త పోయి నేటికి ఇరవై రెండు రోజులు. కొనకనమిట్ల దగ్గరి సొంత ఊళ్లో కాదు, ఇక్కడే మార్కాపురంలో, మా ఇంటి వసారాలో, పట్టపగలు, నా చేతుల్లోనే పోయింది. పెద్దకర్మకు వచ్చిన బంధువులంతా నన్ను మెచ్చుకుని వెళ్లారు. "కోడలంటే అట్లుండాల. ఆఖరి ముద్ద గూడా తెల్లన్నమే పెట్టింది" అన్నారు. మా పెద్దాడబిడ్డ నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. నేను తల వంచుకుని విన్నాను. అది వినయమని వాళ్లనుకున్నారు. కాదు, సిగ్గు. ఆ మెప్పు ఒంటికి పట్టడం లేదు. దాన్ని దించుకోవడానికి నాకు తెలిసిన దారి ఇదొక్కటే కాబట్టి రాస్తున్నాను. చదివే అక్కచెల్లెళ్లు నన్ను తిట్టుకున్నా సరే.

ముందు నా గొప్ప చెప్పాలి. మా నాయనకు కంభం చెరువు కింద నాలుగెకరాల తరి పొలం ఉండేది. చుట్టుపక్కల ఊళ్లలో పండగకో పెళ్లికో వరన్నం వండుకునేవాళ్లు. మా ఇంట్లో రోజూ అదే. చిన్నప్పుడు వడ్లు ఇంట్లోనే దంచేవాళ్లు. నాకు పెళ్లీడు వచ్చేసరికి మిల్లు వచ్చింది. మిల్లు బియ్యం మల్లెమొగ్గల్లా ఉండేవి. ఆ బియ్యం తిన్న పిల్లనని నాకు నిలువెల్లా పొగరు. నన్ను మెట్ట పొలాల వాళ్లింట్లో ఇచ్చారు. అయితే మా ఆయన ఊళ్లో ఉండలేదు, మార్కాపురంలో పలకల కార్ఖానాలో మేస్త్రీగా పనిచేసేవాడు. అందుకే ఒప్పుకున్నాను. లేకపోతే ఆ కొర్రలు, జొన్నల ఇంటికి నేను పోయేదాన్నా?

పెళ్లయిన రెండో ఏడు మామ పోయాడు. అత్త మా దగ్గరికి వచ్చింది. బండిలోంచి దించిన సామాను చూసి నాకు కడుపు మండింది. రెండు జొన్నల మూటలు, ఒక కొర్రల మూట, తిరగలి, సంగటి కెలికే తెడ్డు. ఆమెకంటూ ఉన్న చీరలు మాత్రం చంకలో చిన్న మూట.

వచ్చిన మర్నాడు వీధి అరుగు మీద కూర్చుని, దారిన పోయే ప్రతి మనిషినీ "సంగటి తిన్నావా నాయనా? సంగటి తిన్నావా అమ్మా?" అని పలకరించింది. వాళ్ల ఊళ్లో అదే దండం, అదే క్షేమసమాచారం. మా వీధిలో అటు తాలూకాఫీసు గుమాస్తాలు, ఇటు బడిపంతుళ్లు. ఎదురింటి పంతులుగారు నవ్వు దాచుకుంటూ పోయాడు. నేను లోపలికి పిలిచి, "అత్తా, ఇక్కడ అట్ల అడగగూడదు. భోజనమైందా అని అడగాల" అన్నాను.

"భోజనమంటే పెండ్లిలో గదమ్మాయ్ పెట్టేది?" అంది.

అయినా నా మాట కాదనలేదు. మర్నాటి నుంచి "భో..." అని మొదలుపెట్టి, నోరు తిరగక, చివరికి "బాగుండావా" అని ఊరుకునేది. కొన్నాళ్లకు అరుగు మీద కూర్చోవడమే మానేసింది. ఇల్లు గౌరవంగా ఉందని నేను సంతోషించాను.

ఆమె వంట ఆమెది. పెరట్లో, మా బర్రె కొట్టం పక్కన, మూడు రాళ్ల పొయ్యి పెట్టుకుని జొన్న సంగటి కెలుక్కునేది. ముద్ద కంచంలో వేసుకుని, బొటనవేలితో నడుమ గుంట చేసి, అందులో గోంగూర పులుసో ఉలవచారో పోసుకుని, అంచు నుంచి తుంచుకుంటూ తినేది. కడిగిన నీళ్లు, ఉడికిన నీళ్లు పారబోయడం ఆమె ఎరగదు. నేనేమో మిల్లు బియ్యాన్ని నీళ్లు తేటపడేదాకా మూడుసార్లు కడిగి, గంజి వార్చి, మల్లెపూల రాశిలా వడ్డించేదాన్ని. ఒకసారి ఆమె నా చేటలోంచి గుప్పెడు బియ్యం తీసి వాసన చూసి, "పొట్టు తీసినారు, బాగానే ఉంది. దీని పాణం గూడా తీసినారే" అంది. తిననిదానికి కుళ్లు అనుకున్నాను. మా ఆయన నేను చూడనప్పుడు పెరట్లోకి పోయి తల్లి కంచంలో రెండు ముద్దలు తినొచ్చేవాడు. మూతి తుడుచుకుంటూ వచ్చేవాడు గనుక నాకు తెలిసిపోయేది.

ఒకరోజు హెడ్‌గుమాస్తాగారి భార్య పేరంటం పిలవడానికి వచ్చింది. అత్త ఆ వేళకు తిరగలి ముందు కూర్చుని జొన్నలు విసురుతోంది. "ఏం విసురుతున్నారావిడ?" అని అడిగింది వచ్చినావిడ.

"జొన్నలండీ. బర్రెకు" అన్నాను.

తడుముకోలేదు, తడబడలేదు, అంత సులువుగా వచ్చేసింది అబద్ధం. "మంచిదే, పాలు చిక్కగా ఉంటాయి" అని ఆమె బొట్టు పెట్టి వెళ్లిపోయింది. తిరగలి ఒక్క క్షణం ఆగి మళ్లీ తిరిగింది. సాయంత్రం అత్త నా దగ్గరికి వచ్చి, "అమ్మాయ్, ఇంక నేను కొట్టం వెనకాల తింటాలే. ఆడికైతే ఎవురూ రారు" అంది. కోపంగా అనలేదు. నాకేదో సాయం చేస్తున్నట్టే అంది. నేను "నీ ఇష్టం అత్తా" అన్నాను. ఇప్పుడు రాస్తుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

ఆ మరుసటి ఏడు నాకు ఆడపిల్ల పుట్టింది. పుట్టింట్లో పథ్యం పేరుతో మూడు నెలలు తెల్లన్నం, వెల్లుల్లి కారం, నెయ్యి తప్ప నాకు వేరేది పెట్టలేదు. కూర పెడితే బిడ్డకు జబ్బు చేస్తుందని భయం. అప్పటికే నా కాళ్లు తిమ్మిరెక్కేవి. చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. బాలింత నీరసమన్నారు. మార్కాపురం వచ్చిన వారానికి పాప పాలు కక్కడం మొదలుపెట్టింది. తర్వాత ఏడుపు మారింది. నోరు తెరిచి ఎర్రగా కందిపోయి ఏడుస్తుంది, శబ్దం మాత్రం రాదు. గొంతు లేని ఆ ఏడుపు చూసిన తల్లికి ఇంక ఏ నరకమూ చూపించనక్కర్లేదు. దిష్టి తీశాం, తాయెత్తు కట్టించాం. పాప ఊపిరి ఎగబీలుస్తుంటే చివరికి డాక్టరు దగ్గరికి పరుగెత్తాం. అత్త కూడా వెంట వచ్చింది.

డాక్టరు పాపను చూశాడు. తర్వాత నా కాలి పిక్క వేలితో నొక్కాడు. సొట్ట పడింది, లేవలేదు.

"ఏం తింటున్నావమ్మా?"

అంత ఏడుపులోనూ నాకు గొప్ప పోలేదు. "రెండు పూటలా మిల్లు బియ్యమేనండీ. మూడుసార్లు కడిగి, గంజి వార్చి" అన్నాను.

"బియ్యంలో ఉన్న సత్తువ మిల్లులో సగం పోయింది, మిగిలింది నువ్వు కడిగి పారబోశావు. నీ పాలే బిడ్డకు పడటం లేదు" అన్నాడాయన. "ఇంట్లో ఇంకెవరికైనా ఈ కాళ్ల వాపుందా?"

"మా ఆయనకు కొంచెం. అత్తకు లేదు."

"ఆమె ఏం తింటుంది?"

అత్తే వెనక నుంచి జవాబు చెప్పింది. "నేను బర్రె తినేది తింటానయ్యా."

దెప్పుతూ అందా అంటే, లేదు. నేను చెప్పిన అబద్ధాన్ని నా పరువు కోసం అక్కడ కూడా నిలబెట్టింది. డాక్టరు నవ్వాడు. "అయితే ఆ ఇంట్లో నువ్వూ బర్రే బాగున్నారన్నమాట. బిడ్డ బతకాలంటే బర్రె దగ్గరున్న తవుడే కావాలి" అని, దాన్ని కాచి వడగట్టి చెంచాలతో పట్టమన్నాడు. కొన్నాళ్లు నా పాలు మాన్పించమన్నాడు. నన్ను దంపుడు బియ్యం, జొన్నలు, పప్పు, ఆకుకూరలు తినమన్నాడు.

తవుడు మా ఇంట్లోనే, తొట్టి పక్కన గంపలో ఉంది. నెలల తరబడి మేం తినాల్సింది బర్రెకు వేసి, మిగిలిన తెల్లపిప్పి మేం తిన్నాం. బర్రె పాలు పాపకు అరగవని అత్త మర్నాడు ఊరికి పోయి గొర్లు కాసే వాళ్ల దగ్గర పాలిచ్చే మేకను అడిగి తోలుకొచ్చింది. కొత్త తవుడు తెప్పించి, జల్లించి, కాచి, పలచని గుడ్డలో వడగట్టి, ఉగ్గుగిన్నెతో పాప నోట్లో చుక్క చుక్కగా పోసేది. నాకు సంగటి ముద్ద చేసి, గుంట పెట్టి, పులుసు పోసి ఇచ్చేది. "నేను ముందే చెప్పినా గదా" అని ఒక్కసారి అంటే నా మనసు కాస్త తేలికపడేది. అనలేదు. "తిను అమ్మాయ్, వేడి మీదనే బాగుంటాది" అనేది, అంతే.

నాలుగో రోజు పొద్దున పాప ఏడిస్తే వీధి మొదటిదాకా వినబడింది. మా ఆయన కార్ఖానాకు బయల్దేరినవాడు గడప మీదే కూలబడి వింటూ ఉండిపోయాడు. అత్త మాత్రం "గొంతు వచ్చిందిలే, ఇంక సముదాయించు" అని పొయ్యి దగ్గరికి పోయింది.

ఇక్కడితో నాకు బుద్ధి వచ్చిందని రాయగలిగితే ఎంత బాగుండేది! పాప లేచిందని చూడటానికి వచ్చిన వాళ్లు ఏం మందు వాడారని అడిగారు. "మదరాసు నుంచి తెప్పించారండీ, ఖరీదైన మందు" అన్నాను. తవుడు తాగించి బిడ్డను బతికించుకున్నానని చెప్పడానికి నోరు రాలేదు. అత్త అక్కడే పాపకు నూనె రాస్తోంది. వాళ్లు పోయాక నేనే ఉండబట్టలేక, "అట్ల చెప్పినానని ఏమనుకోవద్దత్తా" అన్నాను.

"నాకేంది అమ్మాయ్, ఏ పేరు చెప్పినా బిడ్డ లేచింది గదా" అంది.

ఆనాటి నుంచి మా తిండి మారింది. కాళ్ల వాపులు పోయాయి. కానీ మా ఇంట్లో రెండు కుండలు వెలిశాయి. వెనక పొయ్యి మీద సంగటో కొర్రన్నమో, అది మాకు. ముందు పొయ్యి మీద తెల్లన్నం, అది ఎవరైనా వస్తే. వీధి తలుపు చప్పుడైతే కంచాలు వెనక్కి పోయేవి. అత్త దీనికి అలవాటు పడిపోయింది. నేను తెల్లబియ్యం చేట ముందు కూర్చుంటే, "ఎవురన్నా వస్తన్నారా?" అని అడిగేది.

ఇంక ఆ రోజు సంగతి. పది రోజుల జ్వరంతో అత్త మంచాన ఉంది. ఆడబిడ్డలు వచ్చారు, మా పుట్టింటి వాళ్లు వచ్చారు, వీధిలో వాళ్లు కూడా చేరారు. పొద్దున్నించి కళ్లు తెరవని మనిషి మధ్యాహ్నం తెరిచింది. ఏమన్నా తినాలనుందా అని మా ఆయన అడిగాడు.

"సంగటి" అంది. బాగానే వినబడింది. తర్వాత "పలచగా, మజ్జిగేసి" అంది.

నేను వంటింట్లోకి పోయాను. వెనక పొయ్యి మీద సంగటి ఉంది, వేడిగా ఉంది. ఇంత మజ్జిగ పోసి పిసికి తీసుకెళ్లాలి, అంతే పని. గిన్నె చేతిలోకి తీసుకున్నాను కూడా. ఇంతలో వసారాలోంచి మా పిన్నమ్మ, "ఈ స్థితిలో సంగటేందమ్మా, ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారు? ఆఖరికి కోడలు ఇంత అన్నమన్నా పెట్టలేదంటారు" అంది. ఆమె మీద నెపం వేయను. ఆ మాట ఆమె అనకముందే నా మనసులో ఉంది. గిన్నె దించి, ముందు కుండలోంచి తెల్లన్నం తీసి, మెత్తగా మెదిపి, మజ్జిగ పోసి పట్టుకెళ్లాను.

తల ఒళ్లో పెట్టుకుని నోట్లో పెట్టాను. ఒక ముద్ద మింగింది. రెండోది నోట్లోనే ఉంచుకుని నా ముఖంలోకి చూసింది. రుచి తెలిసింది. మెల్లగా, నాకు మాత్రమే వినబడేలా, "ఎవురన్నా వచ్చినారా అమ్మాయ్?" అంది.

"వచ్చినారత్తా" అన్నాను.

"సరేలే" అంది. ఆ రెండో ముద్ద కూడా కష్టపడి మింగింది. అది చూసే అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఆ తర్వాత అరగంట ఉందేమో.

నా బిడ్డకు ప్రాణం పోసిన మనిషి ఒకే ఒక్కటి అడిగింది. అది వండి సిద్ధంగా ఉంది. నేను పెట్టలేదు. ఏ కర్మలు చేసినా ఈ మాట మారదు.

ఇదంతా రాసేస్తే మనసు కడిగినట్టవుతుందని మొన్న సోమవారం మొదలుపెట్టాను. సగం రాసి, లేచి, సంగటి కెలికి, పాపకూ నాకూ వడ్డించుకుని నడవాలోనే కూర్చున్నాను. పాపకు ఇప్పుడు ఏడేళ్లు. నాలుగు ముద్దలు తిన్నామో లేదో, కొత్తగా వచ్చిన పోస్టుమాస్టరు భార్య "ఏమండీ, ఉన్నారా?" అంటూ గడప దాటింది. నేనేమీ అనుకోలేదు, నిజంగా ఏమీ అనుకోలేదు. నా ఎడమ చెయ్యి దానంతటదే కొంగు లాగి కంచం మీద కప్పింది. పాప నా చేతి వంక చూసింది. తర్వాత తన కంచం వంక చూసుకుంది. వచ్చినావిడ వైపు నవ్వుతూ తిరిగి, చిన్న అరచెయ్యి విప్పి, వేడి సంగటి ముద్ద మీద అడ్డం పెట్టుకుంది.