కరపుల్క్రా కోసం కాల్గరీకి

జూన్ రెండో మంగళవారం పొద్దున అయిదుంపావుకి కెనడాలో, వాంకూవర్ పక్కన బర్నబీలో మా అపార్ట్‌మెంట్ నుంచి బయటపడ్డాను. వీపున ఒక బ్యాగు, చేతిలో చపాతీల పొట్లం. మా ఆవిడ సుజాతకు ఆస్పత్రిలో మార్నింగ్ షిఫ్ట్, నాకంటే ముందే లేచింది. "వెళ్లి రండి. వారం నుంచి ఇంట్లో మీ పచార్లకు కింద పోర్షన్ వాళ్లు పైకొచ్చి అడిగేలా ఉన్నారు," అంది.

నిజమే, వారం నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. కారణం ముందు చెప్పాలి. మాది నంద్యాల. పదహారేళ్లు ఐటీలో చేశాను. రెండేళ్ల కిందట లేఆఫ్ అయ్యాక, వేరే ఉద్యోగం దొరికేదాకా కదా అని, బర్నబీలోనే ఒక చిన్న పెరూ రెస్టారెంట్‌లో పార్ట్‌టైం చేరాను. పద్దెనిమిది కుర్చీల హోటలు. ఓనరు మార్తా, అరవై ఎనిమిదేళ్ల పెరూ ఆవిడ. ఆర్నెల్లకే వంటగది మొత్తం నా చేతికొచ్చింది. ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నప్పటికంటే గరిటె పట్టుకున్నప్పుడే నేను నేనుగా ఉన్నానని నాకూ తెలిసింది, ఇంట్లోనూ తెలిసింది. మే నెలలో మార్తా తన మోకాళ్లు ఇక పని చేయవని, జూన్ ఆఖరుకి లీజు అయిపోతుందని, హోటలు నేను తీసుకోకపోతే బిల్డింగ్ వాళ్లకు తాళాలు ఇచ్చేస్తానని చెప్పింది.

అదే వారం ఒక పెరూ పెద్దాయన వచ్చి కరపుల్క్రా ఆర్డర్ చేశాడు. ఎండబెట్టిన బంగాళదుంప ముక్కలు, పంది మాంసం, వేరుశనగ పొడి, ఎండుమిర్చి వేసి వండే కూర అది. రెండు స్పూన్లు తిని, వంటగది గుమ్మం దాకా వచ్చి నన్ను చూశాడు. "రుచిగానే ఉంది. కానీ ఇది కరపుల్క్రా కాదు," అన్నాడు, చాలా మర్యాదగా. ఏం తక్కువైందని అడిగితే చెప్పలేకపోయాడు. మార్తాను అడిగితే తన చెయ్యి ఎప్పుడో మరిచిపోయిందని, కాల్గరీలో ఉండే అక్క డెల్ఫీనాకే తెలుసని అంది. ఫోన్ చేస్తే ఆ అక్కగారు, ఇది ఫోన్లో వచ్చే వంట కాదు, కావాలంటే అతన్నే రమ్మను అందట.

హోటలు తీసుకోవాలా వద్దా అన్న ప్రశ్నకు ఆ కూరే జవాబు చెబుతుందని నాకెందుకో అనిపించింది. అందుకే ఈ ప్రయాణం.

స్కైట్రైన్‌లో వాంకూవర్ బస్ స్టేషన్ చేరేసరికి ఆరుంపావు. బస్సు ఆరున్నరకి. టికెట్ వంద డాలర్లు దాటింది. విమానమైతే గంటన్నరే, కానీ ఆలోచించుకోవడానికి నాకు దారి పొడవు కావాలి. పక్క సీట్లో సర్రీ నుంచి వచ్చిన పంజాబీ అంకుల్, కూతురి ఇంటికి వెళుతున్నాడు. తొమ్మిదింటికి హోప్ అనే ఊరు, పదకొండు లోపే మెరిట్. బస్సు ఆగిన ప్రతిచోటా దిగి దాని చుట్టూ తిరిగాను. దారిలో పెద్ద కొండలే ఉన్నాయి. చూశానే గానీ మనసుకు ఎక్కలేదు. ఫోన్‌లో లీజు కాగితాలు తెరవడం, మూయడం, మళ్లీ తెరవడం.

పన్నెండింటికి కామ్‌లూప్స్. అక్కడ అరగంట ఆపుతారు, తినడానికి చెప్పుకోదగ్గదేమీ దొరకదు, వెళ్లేవాళ్లు ఇంటి నుంచి తెచ్చుకోవడం మంచిది. అంకుల్ తన ఆలూ పరాఠా సగం విరిచి ఇచ్చాడు. నేనెందుకు వెళుతున్నానో అడిగాడు. బంగాళదుంప పుట్టిల్లు పెరూ కొండలని, అక్కడి నుంచి ఓడలెక్కి లోకమంతా తిరిగి మన దగ్గరికి వచ్చిందని చెప్పాను. ఆయన కాసేపు నమిలాడు. "మా పొలంలో మా తాత వేసేవాడు. తాతకు ముందు ఎవరు వేశారో మేం అడగలేదు," అన్నాడు.

రెవెల్‌స్టోక్‌లో నేను నాలుగోసారి బస్సు చుట్టూ తిరుగుతుంటే డ్రైవరు, కాల్గరీకి నడిచే వెళ్తావా ఏమిటి అని నవ్వింది. గోల్డెన్ దగ్గరకి వచ్చేసరికి గడియారం గంట ముందుకు జరుగుతుంది, అది గుర్తుంచుకోవాలి. కాల్గరీలో దిగేసరికి పావు తక్కువ పది, ఆకాశంలో ఇంకా వెలుతురుంది. ఊరికి ఈశాన్యాన నిజామాబాద్ వాళ్లింట్లో బేస్‌మెంట్ గది, తెలుగు వాట్సాప్ గ్రూపులో దొరికింది, రోజుకు అరవై డాలర్లు. ఆ ఇంటావిడ రజిత నా సంగతి విని, "ఆలుగడ్డ కూర నేర్చుకోనీకి ఇంత దూరం వచ్చినవా అన్నా?" అని పప్పన్నం పెట్టింది. దానికి వేరే లెక్క లేదంది.

బుధవారం తొమ్మిదిన్నరకి సీట్రైన్ అనే అక్కడి లోకల్ రైలెక్కి రెండు స్టేషన్లు వెళ్లి, ఇరవై నిమిషాలు నడిచి డెల్ఫీనా ఇల్లు పట్టుకున్నాను. డెబ్బై ఎనిమిదేళ్ల పొట్టి మనిషి, నెరిసిన జడ. నన్ను ఇంట్లోకి కాకుండా నేరుగా పెరట్లోకి తీసుకెళ్లింది. రెండు కుర్చీల మీద అడ్డంగా ఒక దోమతెర చట్రం, దాని మీద ఎండలో బంగాళదుంప ముక్కలు. మేం ఉర్లగడ్డ అంటాం. మా ఇళ్లలో వంకాయలతో, గోరుచిక్కుళ్లతో పెట్టే ఒరుగులు అచ్చం ఇలాగే ఉంటాయి. ఉడకబెట్టి, పొట్టు తీసి, ముక్కలు కోసి ఎండబెడుతుందట. వాంకూవర్ తడికి బూజు పడుతుందని, కాల్గరీ గాలి పొడిగా ఉంటుందని, చెల్లెలు ఎన్నిసార్లు పిలిచినా తను అక్కడికి రాకపోవడానికి సగం కారణం అదేనని చెప్పింది. ఆవిడ ఇంగ్లీషు మెల్లగా, ఒక్కో మాటా ఏరుకుంటూ వచ్చేది.

నువ్వెలా చేస్తావో చెప్పమంది. ప్యాకెట్‌లో వచ్చే ముక్కల్ని నీళ్లలో నానబెట్టడం దగ్గర మొదలుపెట్టాను. అడ్డు రాకుండా మొత్తం విని, బాణలి పొయ్యి మీద పెట్టి, ఒరుగులు పోసి, గరిటె నా చేతికిచ్చింది. నూనె లేదు. సన్నటి సెగ మీద పది నిమిషాలు కలిపాను. దంతం రంగు ముక్కలు ముదురు తేనె రంగుకి తిరిగాయి. ఇసుకలో శనక్కాయలు వేయించేటప్పటి వాసన వచ్చింది. నానబెట్టే ముందు వేయించాలి. అంతే. రెండేళ్లుగా నేను వదిలేసిన పని అదే.

"నానబెట్టమనే రాసుంది ప్యాకెట్ మీద," అన్నాను.

"రాసినవాడు వండి ఉండడు," అంది.

అవి నానేలోపు మాంసం కోస్తూ కథ చెప్పింది. కొండల మీద బతికే పాతకాలం వాళ్లు పంట లేని ఏళ్ల కోసం, దూర ప్రయాణాల కోసం దుంపల్ని ఇలా ఎండబెట్టి దాచుకునేవాళ్లట. నిప్పుల్లో కాల్చిన రాళ్లు కుండలో వేసి వండేవాళ్లని, ఆ వేడి రాళ్ల మాట మీదే కూరకు పేరొచ్చిందని ఆవిడ చిన్నప్పటి టీచరు చెప్పేదట. "నేను చూడలేదు," అని కూడా కలిపింది. మిరపకాయ, వేరుశనగ ఆ నేలవే. పంది, వెల్లుల్లి, లవంగం స్పెయిన్ వాళ్ల ఓడల్లో వచ్చాయి. తర్వాత సముద్రం ఒడ్డున, వాళ్ల ఊరు చించా చుట్టుపక్కల చెరకు, పత్తి తోటల్లోకి ఆఫ్రికా నుంచి బానిసలుగా మనుషుల్ని తెచ్చారు. వాళ్ల వంటిళ్లలోనే ఇవన్నీ ఒక కుండలో పడి ఇప్పటి కరపుల్క్రా అయింది. చించాలో పెళ్లంటే ఈ కూర ఉండి తీరాలి.

నేను ఫోన్‌లో రాసుకుంటున్నాను. మెనూ మీద మార్తా 'మా అమ్మమ్మ కరపుల్క్రా' అని అచ్చు వేయించింది కదా, మీ అమ్మమ్మగారు ఎవరి దగ్గర నేర్చుకున్నారని అడిగాను.

డెల్ఫీనా కత్తి పక్కన పెట్టింది.

"మా అమ్మమ్మ వంటింట్లోకి అడుగు పెట్టేది కాదు. ఇది తోమాసాది."

తోమాసా వాళ్లింట్లో ముప్పై ఏళ్లు వంట చేసిన నల్లజాతి స్త్రీ. డెల్ఫీనా చిన్నప్పుడు ఆమె పక్కన పీట వేసుకుని కూర్చుని అన్నీ చూసి నేర్చుకుంది. ఇంటికి వచ్చిన చుట్టాలు కూర మెచ్చుకుంటే, వాళ్లమ్మ 'మా అమ్మ నేర్పింది' అనేదట. తోమాసా అదే గదిలో ప్లేట్లు పట్టుకుని నిలబడి వినేది.

"అప్పుడు నాకు పన్నెండేళ్లు. నాకు తెలుసు. నోరు తెరవలేదు. మార్తా మెనూ పంపినప్పుడు ఆ లైను చూశాను, అప్పుడూ తెరవలేదు." చేతులు తుడుచుకుని నా వైపు తిరిగింది. "నువ్వు హోటలు తీసుకుంటే ఆ లైను తీసెయ్యి నాయనా. తీయలేనంటే, ఇవాళ చూసింది వండకు."

తోమాసా ఇంటిపేరు అడిగాను. తెలియదంది. వాళ్లెవరూ ఎప్పుడూ అడగలేదట.

మూడింటికి తిన్నాం. ముక్క మెత్తబడింది గానీ చెదరలేదు, పొగ తగిలినట్టు ఒక లోతు, వెనక వేరుశనగ కమ్మదనం. నేను చేసిన దానికీ దీనికీ చుట్టరికం కూడా లేదు. డెల్ఫీనా ఒక ముద్ద తిని, "ఇది కరపుల్క్రా," అంది. నేను మాత్రం సగం ప్లేటు దగ్గరే ఆగిపోయాను. హోటలు ఇంకా మార్తాది. రెండేళ్లు నన్ను కూర్చోబెట్టి నేర్పిన మనిషి. మీ అమ్మ అబద్ధం చెప్పిందని నేనెలా చెప్పను?

గురువారం పొద్దున ఎనిమిదింటి బస్సు. బాన్ఫ్ నుంచి మొదలుపెట్టి మార్తాకు మెసేజ్ రాయడం, చెరపడం. గోల్డెన్, రెవెల్‌స్టోక్, సామన్ ఆర్మ్. ఎక్కడా దిగలేదు, కానీ సీట్లో కుదురుగానూ లేను. పక్కనున్నాయన లేచి వెనక సీటుకి మారిపోయాడు. కామ్‌లూప్స్‌లో మూడున్నరకి దిగి, స్టేషన్ గోడ పక్కన నిలబడి ఫోన్ చేశాను. విన్నది విన్నట్టు చెప్పాను.

అవతల వంటగది ఫ్యాన్ కట్టేసిన చప్పుడు వినిపించింది. తర్వాత మార్తా గొంతు వచ్చింది.

"నన్ను ఎత్తుకుని పెంచింది తోమాసా. నాకు తెలియకపోవడమేంటి."

హోటలు పెట్టిన మొదటి ఏడాది కుర్చీలన్నీ ఖాళీగా ఉండేవని, అమ్మమ్మ అంటే జనం వస్తారని ఎవరో చెబితే అలా రాయించానని, తర్వాత తీయాలంటే అక్కకి ఏం చెప్పాలో తోచక వదిలేశానని అంది. అక్కాచెల్లెళ్లిద్దరూ అదే మాటను చెరో ఊళ్లో దాచుకున్నారు. కోప్పడుతుందేమో అనుకున్నాను, కోప్పడలేదు. హోటలు నేను తీసుకుంటున్నానని అప్పుడే చెప్పాను. అంతకుముందు నిమిషం దాకా నాకే తెలియదు.

"అయితే కొత్త మెనూలో నువ్వే రాయి," అంది. "చించా తోమాసా గారి కరపుల్క్రా అని. ఇంటిపేరు కూడా... నాకు తెలియదు."

డ్రైవరు హారన్ కొడితే ఫోన్ పెట్టేసి బస్సెక్కాను.

హోటలు తీసుకుంటున్నానని సుజాతకు ఒక్క లైను మెసేజ్ పెట్టాను. 'అనుకున్నా. ఇంటికొచ్చి మాట్లాడండి' అని జవాబు వచ్చింది. హోప్ దాటాక ఎడతెగని వాన. మొత్తం మూడు రోజులు, దాదాపు ముప్పై గంటల బస్సు. ఎవరైనా ఈ దారిన వెళ్లాలనుకుంటే కొండల కోసం వెళ్లండి, బాగుంటాయి. నేను వాటిని సరిగ్గా చూడలేదు. ఎక్కినప్పుడు నాకు ఒక వంట కావాలి, దిగేటప్పుడు ఒక మనిషి సగం పేరు తెలుసు. మిగతా సగం చించాలో ఎవరికైనా తెలిసి ఉండవచ్చు, ఎవరికీ తెలియకపోనూ వచ్చు. మెనూలో ఆ పేరు తర్వాత ఇంటిపేరు కోసం కాస్త ఖాళీ వదలాలని బస్సు దిగేలోపే తేల్చుకున్నాను.